టీ దోమ పట్టిన నవల

తారకేశ్వరరావు మావ పేరులోనే తార ఉంది కాబట్టి ఆకాశం మీద నవల రాశాడని పలాసలో ఒక మాట. నేనొప్పుకోను. ముప్ఫై రెండేళ్ళు కరెంటు స్తంభాలు ఎక్కి దిగిన మనిషికి చుక్కలు కనిపించక ఇంకేం కనిపిస్తాయి?

రిటైరై నాలుగేళ్ళయినా ఆయన చూపు ఇంకా నేల మీదకి దిగలేదు. కాశీబుగ్గ బజార్లో నడుస్తుంటే మనుషుల్ని చూడడు, తీగల్ని చూస్తాడు. ఎవరింటికెళ్ళినా ముందు మీటరుని పలకరించి తర్వాత మనుషుల్ని పలకరిస్తాడు. పెళ్ళిలో పెళ్ళికూతురు ఎలా ఉందని అడిగితే, సీరియల్ బల్బులకి ఎర్తింగ్ సరిగ్గా లేదని చెప్పిన రకం. ఇంత చేసీ ఆయన సొంతింట్లో ఫ్యాను రెగ్యులేటరు పాడై రెండేళ్ళు. "ముందిది బాగుసెయ్యమను, తర్వాత గ్రహాలకి లైన్లు లాగొచ్చు" అని వాళ్ళావిడ నాకు ఫోన్లో మొత్తుకుంటుంది.

ఆవిడ అన్నది ఉత్తి ఎగతాళి కాదు, నవలలో కథే అది. పేరు 'చుక్కల లైను'. ఇంకో నూట డెబ్భై ఏళ్ళ తర్వాత మన ఉద్దానం కుర్రాడు, సింహాద్రి అనే లైన్‌మన్, సూర్యుడు లేని ఒక గ్రహానికి వెలుగు తీసుకెళ్తాడు. దారిలో ఇనుము తినే తుపాను. ఓడలో తిరుగుబాటు. మధ్యలో నాలుగు కాంతి సంవత్సరాలు. వాటి దగ్గర నా భర్తే ఆగి, పంచాంగంలో అరవై పేర్లలో ఈ 'కాంతి' ఎక్కడొస్తుందని నన్నడిగాడు. ఏడాది పేరు కాదు, దూరం అని నచ్చచెప్పడానికి నాకు ఒక పూట పట్టింది.

నేనెవరో చెప్పలేదు కదూ. నా పేరు ఇందుమతి. టెక్కలిలో మా నాన్న పెట్టిన చిన్న ప్రెస్సు నడుపుతాను. పెళ్ళికార్డులు, కరపత్రాలు, ఎన్నికలొస్తే దండాలు పెట్టే ఫొటోలు. నవల అచ్చెయ్యడం అదే మొదలు. మావ చేతిరాతని నేనే టైపు చేశాను. ఆయన 'క'కి, 'శ'కి తేడా ఆయనకే తెలుసు.

రాతప్రతి ఇచ్చిన రోజున ఆయన ఒక మాటన్నాడు. "సూడు ఇందుమతీ, ఆఖరి పదహారు పేజీలున్నాయే, వాటి కోసమే మిగతా నూట డెబ్భై ఆరూ రాసేను. ఆ ముగింపు గురించి ఒక్కలు, ఒక్కలంటే ఒక్కలు, మాటాడితే రెండో భాగం రాత్తాను. నేదంటే పెన్ను ఒగ్గేత్తాను." రెండో భాగం కోసం అప్పటికే ఒక నోటుబుక్కు కొని, మొదటి పేజీలో 'శ్రీరామ' అని రాసి ఉంచుకున్నాడు.

ఆ పదహారు పేజీల్లో ఏముందంటే, గ్రహం మీద తుపానొచ్చి స్తంభాలన్నీ కూలిపోతాయి. ఒక్కటి మిగులుతుంది. సింహాద్రి ఆ గాలిలో అది ఎక్కుతాడు, తీగ కలుపుతాడు. ఒకే ఒక్క ఇంట్లో దీపం వెలుగుతుంది. ఆ ఇంట్లోంచి ఒక ముసలమ్మ బయటికొచ్చి, పైకి చూసి, "ఎలుగొచ్చింది, దిగిరా నాయనా, కూడు సల్లారిపోతాది" అంటుంది. అంతే, అయిపోతుంది. తిత్లీ తుపాను తర్వాత నెల రోజులు మావ ఉద్దానంలో స్తంభాలు నిలబెడుతూనే ఉన్నాడని అందరికీ తెలుసు. ఆ మాట ఆయనతో నిజంగా ఎవరైనా అన్నారా అని నేనడగలేదు. టైపు చేస్తూ చేస్తూ అక్కడికొచ్చేసరికి అక్షరాలు కనబడక కాసేపు చేతులు తీసేశాను. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. అచ్చేసేవాళ్ళు ఏడిస్తే ఎలా అని ఒక దిక్కుమాలిన పౌరుషం నాకు.

ఇక నా ఘనకార్యం వినండి. పదహారు పేజీలు ఒకే కాగితం మీద అచ్చవుతాయి. దాన్ని మడిస్తే ఒక ఫారం. మావ నవలకి పన్నెండు ఫారాలు. అదే వారం నందిగాం వైపు రైతు సంఘం వాళ్ళు 'జీడితోటల పెంపకం' అని మూడు ఫారాల పుస్తకం వేయమన్నారు. రెండూ మూడేసి వందల కాపీలు, రెండూ ఒకే సైజు, ఒకే కాగితం. నవల కాపీలు పది ముందే కూర్చి మావకిచ్చేశాను. మిగతావి కూర్చడానికి మర్నాడు కూర్చున్నాను. మధ్యాహ్నం మూడింటికి గాలీ వానా వచ్చి కరెంటు పోయింది. గదంతా మసక చీకటి. అయినా పొద్దున్నకల్లా రెండు పుస్తకాలూ ఇస్తానని మాటిచ్చాను కదా, పేజీ నంబర్లు చూడకుండా తడిమి తడిమి కూర్చేశాను. జీడి పుస్తకం ఆఖరి ఫారం నవల చివర, నవల ఆఖరి ఫారం జీడి పుస్తకం చివర పెట్టి కుట్టేశాను. లైన్‌మన్ రాసిన నవలని కరెంటు పోయి పాడుచేశానంటే నమ్మండి.

ఇది నాకు తెలిసింది పుస్తకాలు ఊళ్ళోకి వెళ్ళిపోయిన పది రోజులకి. మా వీధిలో డిగ్రీ చదివే సంతోషి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అక్కా, ఆ ఎండింగ్ ఏటక్కా అసలు! నూట డెబ్భై ఆరో పేజీలో సింహాద్రి ఓడ తలుపు తెరిచాడా? పక్క పేజీ సూస్తే ముప్ఫై మూడో నంబరు! అంటే టైమ్ వెనక్కి తిరిగిపోయిందన్నమాట. ఆ మాట ఎక్కడా సెప్పలేదు సూడు, నంబర్లతో సెప్పాడు. మావ మామూలోడు కాదు."

నేను పుస్తకం లాక్కుని చూశాను. నూట డెబ్భై ఆరో పేజీ ఆఖరి వాక్యం: 'సింహాద్రి తలుపు తెరిచాడు. వేల ఏళ్ళుగా ఆ చీకట్లో పొంచి ఉన్నది ఏదో అతని వైపు కదిలింది.' పక్క పేజీ మొదటి వాక్యం: 'టీ దోమ మొదట లేత చిగుళ్ళను ఆశించి రసం పీలుస్తుంది.'

టీ దోమంటే జీడి చిగుళ్ళని మాడ్చే పురుగు. మిగిలిన కాపీలన్నీ విప్పి చూశాను. అన్నిటికీ దోమ పట్టింది.

వెంటనే చెప్పేద్దామని ఫోను తీశాను. అంతలో ఆయనే చేశాడు. "ఇందుమతీ, అందరూ ముగింపు గురించే మాటాడతన్నారమ్మా! పాలబూతు కాడ ఒకడు, బస్టాండు కాడ ఒకడు. 'మావా, ఆఖర్ని ఇరగదీసేవు' అంటన్నారు!" ఆ గొంతులో అంత సంబరం నేనెప్పుడూ వినలేదు. సరే మావా అని ఫోను పెట్టేశాను. అబద్ధం ఆడలేదు, నోరు మూసుకున్నానంతే. ఆ రెండింటికీ తేడా ఉందని అప్పట్లో అనుకునేదాన్ని.

తర్వాత నా ప్రెస్సు ప్రెస్సు కాదు, అభిప్రాయాల సంత. వచ్చిన ప్రతివాడికీ ఆ నవల మీద ఒక మాట.

మూలపేట నుంచి గ్రామదేవత పండగ కరపత్రాలకి వచ్చిన అప్పలస్వామి చేపల వేట మానేసి మరీ చదివాట్ట. "తుపాను మట్టుకు నిజం. అది రాసినోడు తుపాన్లో తడిసినోడే. గాని అంత దూరం ఎల్లినోడు, అక్కడ సముద్రం ఉన్నాదా, ఎన్ని బారల లోతు, ఏ సేపలు పడతన్నాయి అని అడగడేటి? దిగీ దిగగానే దోమ మందు కొడతాడా! ఆ దోమైనా ఎంతుంటాదో రాయనేదు. పడవంత ఉంటాదని నాననుకున్నాను."

పలాసలో జీడిపప్పు బట్టీలో పనిచేసే నీలవేణికి ఆ నవల మీద మండిపోయింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇరవై మంది ఆడవాళ్ళకి రోజుకింత చదివి వినిపించిందట. సింహాద్రిని ఆపడానికి పెళ్ళాం ఏడ్చే చోట అందరూ ముద్ద వదిలేశారట. "ఇంతా సదివితే ఆఖర్న ఏటి? జీడితోట! ఇక్కడ పిక్కలు కొట్టి కొట్టి మా సేతులు నల్లబడిపోనాయి. ఆకాశంలోకి ఎల్లినా జీడేనా తల్లీ? ఇంకేటీ పండదా అక్కడ?" అని నా ముందు చేతులు చాపింది.

బాబ్జీ గారి సంగతి వేరు. జలంత్రకోటలో తోటలున్న ఆసామి, మాజీ సర్పంచి, సభ ఎక్కడుంటే అక్కడ అధ్యక్షుడు. పుస్తకం వెనక నుంచి తెరిస్తే జీడి అన్న మాట కనిపించిందట. అక్కణ్ణుంచి చివరిదాకా చదివాడు, ముందుది ముట్టుకోలేదు. "తెలుగులో ఇలాటి నవల నేదు" అని తీర్పు చెప్పి, పలాస గ్రంథాలయంలో సభ పెట్టించేశాడు.

ఆదివారం పొద్దున్న సభ. మావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, రిటైరైన రోజు తోటి లైన్‌మన్లు ఇచ్చిన స్టీలు పెన్ను జేబులో పెట్టుకుని వచ్చాడు. మైకు గరగరమంటే తనే వెళ్ళి ప్లగ్గు విప్పి బాగుచేసి, మళ్ళీ వేదికెక్కి కూర్చున్నాడు. నేను వెనక వరసలో, తలుపు పక్కన. పారిపోవడానికి వీలుగా అని ఒప్పుకుంటాను.

ముందు నీలవేణి లేచి, "ఆకాశంలోనూ జీడేనా?" అని అడిగింది. హాలంతా నవ్వింది. హాస్యమాడుతోందనుకుని మావ కూడా నవ్వాడు. తర్వాత అప్పలస్వామి దోమ కొలతలు అడిగాడు. మావ నవ్వు సగానికి తగ్గింది. సంతోషి పేజీ నంబర్ల రహస్యం విప్పింది. మావ తల తిప్పి జనంలో నన్ను వెతికాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

అప్పుడు బాబ్జీ గారు మైకందుకున్నారు. "మూడుసార్లు మందు మన తోటలకి ఎక్కువండీ, రెండు సాలు. అదొక్కటే లోపం. ముగింపు సూడండి, ఏటి సందేశం! 'తోటను శుభ్రంగా ఉంచుకున్న రైతుకు నష్టం లేదు.' ఈ ఒక్క వాక్యానికి సన్మానం సెయ్యాలా వద్దా?" చప్పట్లు మోగాయి. మావ మెల్లిగా లేచి, ఆయన చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. నిలబడే చదివాడు. పదహారు పేజీలూ తిప్పాడు. హాల్లో మనుషులు ముందు నవ్వుతూ చూశారు, తర్వాత దగ్గారు, తర్వాత గడియారాలు చూసుకున్నారు.

"ముగింపు మీకు నచ్చినందుకు సంతోషం," అన్నాడు మైకులో. శాలువా కప్పించుకున్నాడు. దండం పెట్టాడు.

మెట్ల దగ్గర పట్టుకున్నాను. "తప్పు నాదే మావా. ఆ రోజు..." అని మొత్తం చెప్పేశాను.

"కరెంటు పోయిందా? ఎన్నింటికి?"

"మూడింటికి."

"గాలికి ఏదో కొమ్మ పడుంటాది," అన్నాడు. ఆ పరిస్థితిలో కూడా లైను గురించే ఆలోచించాడు మహానుభావుడు. నన్ను ఒక్క మాటైనా తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో! "తప్పు నీది కాదమ్మా. ఇంతమంది సదివేరు. సింహాద్రి స్తంభం ఎక్కనేదని ఒక్కలికీ తెలీనేదు. అంటే ఆడు ఎక్కక్కర్లేదన్నమాట."

"నాకు తెలుసు మావా. నేను టైపు చేస్తూ అక్కడ ఏడ్చాను."

"తప్పు సేసినావు గనక అలాగంటన్నావు." జేబులోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు. "పెళ్ళికార్డులు దిద్దుకో." ఆఖరి ఫారం మళ్ళీ అచ్చేసి అందరికీ ఇస్తానన్నాను. వద్దన్నాడు. ఏడ్చానన్న మాట చెప్పాల్సిన రోజునే చెప్పి ఉంటే నమ్మేవాడు. పౌరుషానికి పోయి అప్పుడు దాచుకున్నాను, ఇప్పుడు చెప్తే చెల్లలేదు. నా మీద నాకే అసహ్యమేసింది.

మూడు వారాలు మావ టెక్కలి ముఖం చూడలేదు. ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు బాగుచేశాడని వాళ్ళావిడ ఫోన్లో చెప్పింది. ఆ గొంతులో సంతోషం లేదు. "పొద్దస్తమానం ఏదో ఒకటి ఇప్పి బిగిత్తన్నాడు పిల్లా. ఆ రాతే నయం" అంది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం అరవై ఏళ్ళ మనిషి ప్రెస్సులోకి వచ్చాడు. బురద ఆరిన కాళ్ళు, భుజాన తువ్వాలు, చేతిలో 'జీడితోటల పెంపకం'. వచ్చింది రా శాస్తి అనుకున్నాను.

"నా పేరు కూర్మయ్య. నందిగాం కాడ మాది. దీన్ని అచ్చేసింది మీరేనా?"

"మేమేనండి. పొరపాటైంది. దోమ గురించిన పేజీలు వేరే ఇస్తాను..."

"దోమ సంగతి తర్వాత. దీనికి మొదలేది?" అన్నాడు.

నాకర్థం కాలేదు. ఆయన బల్ల ముందు కూర్చుని పుస్తకం తెరిచాడు. "ముప్ఫై రెండో పేజీ దాకా గుంతలు, ఎరువులు. తర్వాత నూట డెబ్భై ఏడు. ఒకడు స్తంభం ఎక్కుతన్నాడు. ఎవడో తెలీదు, ఎందుకో తెలీదు. గాలి కొడతన్నాది, ఆడు ఎక్కుతన్నాడు. నాను పుస్తకం కింద పెట్టనేపోనాను తల్లీ." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "తిత్లీకి మా ఊళ్ళో ఇరవై రెండు రోజులు సీకటి. ఒకాయనొచ్చి స్తంభం ఎక్కాడు. మేమంతా కింద నిలబడి సూత్తన్నాం. ఎలుగొచ్చింది. ఆ సంబరంలో ఇళ్ళల్లోకి ఉరికేసాం. ఆయన దిగాడో నేదో సూడనేదు. గుక్కెడు మంచినీళ్ళు కావాలా అని అడగనేదు. ఇందులో ఆ ముసల్ది 'దిగిరా నాయనా' అన్నాది సూడు, ఆ మాట మా ఊళ్ళో ఒక్కలం అననేదు. మా ఇంటిదానికి సదివితే అదీ ఏడిసింది. ఈ సింహాద్రి ఎవరు? పెళ్ళాం పిల్లలున్నారా? ఆడు దిగాడా?"

ఆయన్ని కూర్చోమని బతిమాలి, టీ తెప్పించి, మావకి ఫోను చేశాను. నిజం చెప్తే రాడు. "మావా, ప్రెస్సులో స్విచ్‌బోర్డు మాడిపోయింది, పొగొస్తోంది" అన్నాను. ఈసారి అబద్ధమే, నిక్షేపంలాంటి అబద్ధం. తర్వాతి బస్సుకే దిగాడు, జేబులో టెస్టరు, చేతిలో కటింగ్ ప్లయరు.

"ఏదీ బోర్డు?"

"బోర్డు బాగానే ఉంది మావా. ఈయన, సింహాద్రి దిగాడా లేదా అని అడుగుతున్నారు."

మావ గుమ్మంలోనే ఆగిపోయాడు. కూర్మయ్య లేచి నిలబడ్డాడు. "మీరేనా రాసింది? ఆడు దిగాడా అండీ?"

మావ ఆయన చేతిలో ఉన్న జీడి పుస్తకం చూశాడు. తన పదహారు పేజీలు, మూలలు నలిగి, ఒక చోట పసుపు మరక పడి ఉన్నాయి.

"దిగాడు. ఆ ముసల్దాని ఇంటికెల్లి కూడు తిన్నాడు. సల్లారిపోనాది గాని, తిన్నాడు. ఇంటికి పైకప్పు నేదు. ఆ కూడు ఆవిడ తనకోసం దాసుకున్నదని తిన్నాక తెలిసింది."

"ఇందులో అది నేదే?"

"నేదు. రాయనేదు."

"మరి రాయరేటి?" అన్నాడు కూర్మయ్య, అప్పు అడిగినవాడిలా కాదు, అన్నం వడ్డించమన్నవాడిలా.

మావ మాట మార్చడానికి కాబోలు, "మీ తోటకి దోమ పట్టిందా?" అని అడిగాడు. పట్టిందన్నాడు కూర్మయ్య. "చిగురప్పుడోసారి, పూతప్పుడోసారి, పిందె మీదోసారి మందు కొట్టాలి. ఆకు అడుగున తడవాలి. మజ్జలో వానొత్తే మళ్ళీ కొట్టాలి." పదహారు పేజీలూ పొల్లుపోకుండా అప్పజెప్పేశాడు. కోపంతో ఎన్నిసార్లు చదివాడో పాపం, ఇప్పుడాయనకంటే పెద్ద జీడి పండితుడు బాబ్జీ గారి ఊళ్ళో కూడా ఉండడు.

"మీ పేజీలు మీకు కుట్టి ఇచ్చేస్తాను, ఇవి ఇటివ్వండి" అని నేను చెయ్యి చాపాను. కూర్మయ్య పుస్తకం వెనక్కి లాక్కున్నాడు. "ఇయ్యను. దోమ సంగతి ఈయన సెప్పేడు కదా. నాకు మొదలియ్యండి, తర్వాతదియ్యండి. ఇది నా కాడే ఉంటాది."

మావ చెయ్యి చొక్కా జేబు మీదకి వెళ్ళింది. అక్కడ టెస్టరు తగిలింది. నా బల్ల వైపు చూశాడు.

"ఇందుమతీ, నా పెన్నిలా ఇయ్యి."

సొరుగులోంచి తీసిచ్చాను. పెళ్ళికార్డులు దాంతో దిద్దలేదు, ఒట్టు. వాడనందుకో ఏమో ముందు రాయలేదు, పాత ప్రూఫు మీద నాలుగు సున్నాలు చుట్టాక రాసింది. ఆయన బల్ల మీదకి వంగాడు.

ఈలోగా కూర్మయ్య మూలనున్న కుండ దగ్గరికెళ్ళి, గ్లాసు కడిగి, నిండా నీళ్ళు ముంచి తెచ్చి మావ ముందు నిలబడ్డాడు. రెండు చేతులా చాపాడు.

మావ పెన్ను కింద పెట్టి ముందు నీళ్ళు తాగాడు.